పీహెచ్ తగ్గితే ముందు కిటికీ తెరవండి

పగడాల ట్యాంకు ఉన్న ఇంట్లో పొద్దున లేవగానే కళ్లు వెళ్లేది పీహెచ్ మానిటర్ మీదకే. అక్కడ 7.7 కనిపించిందంటే ఆ రోజంతా మనసు మనసులో ఉండదు. సముద్రంలో 8.1 దగ్గర ఉండే పీహెచ్ మన హాల్లోకి వచ్చేసరికి ఎందుకిలా దిగజారింది, ఇంత ఖర్చు పెట్టి తెచ్చుకున్న పగడాలు ఏమైపోతాయి అని ఒకటే భయం. ఆ భయంలో చెయ్యి నేరుగా అలమారాలోని ‘పీహెచ్ అప్’ సీసా మీదకు పోతుంది. ఆ సీసాను తిరిగి అలమారాలో పెట్టించడానికే ఈ అధ్యాయం. ఎక్కువ ఇళ్లలో పీహెచ్ తగ్గడానికి కారణం మనం వదిలిన ఊపిరి. మూసిన గదిలోని గాలిని బాగుచేయకుండా నీళ్లలో ఏది పోసినా ఆ ఫలితం పూట కంటే ఎక్కువ నిలవదు.

ఉప్పునీటి పీహెచ్‌ను తేల్చేవి ముఖ్యంగా రెండు. ఒకటి ఆల్కలినిటీ, అంటే ఆమ్లం వచ్చి పడినా తట్టుకునే శక్తి. దీన్ని మనం డీకేహెచ్‌లో కొలుస్తాం. సముద్రపు నీటిలో అది 7 దరిదాపుల్లో ఉంటుంది. ట్యాంకులో 7 నుంచి 11 మధ్య ఎక్కడున్నా ఫరవాలేదు, రోజూ అక్కడే నిలబడితే చాలు. రెండోది నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్. ఇది నీటిలో చేరి కార్బానిక్ ఆమ్లమై పీహెచ్‌ను కిందికి లాగుతుంది. ఆల్కలినిటీ మారకుండా ఉండి, కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే రెట్టింపైతే పీహెచ్ సుమారు 0.3 పడిపోతుంది. ఈ అధ్యాయంలో గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఏదైనా ఉందంటే ఇదే.

ఇప్పుడు మన ఇంటిని చూడండి. ఆరుబయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం పైచిలుకు. తలుపులు, కిటికీలు బిగించి ఇద్దరు పడుకున్న గదిలో తెల్లవారేసరికి అది 1500 దాటడం మామూలే. చాలామంది అనుకున్నట్టు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ మళ్లీ తిప్పుతుంది. హాలుకు ఆనుకుని వంటిల్లు ఉంటే గ్యాస్ పొయ్యి మీద ఉడికే ప్రతి వంటా దీనికి తోడు. గాలిలో 420 ఉన్నది 1500 అయిందంటే దాదాపు రెండుసార్లు రెట్టింపైనట్టు. అంటే 8.2 ఉండాల్సిన పీహెచ్‌లో అర పాయింటు పోయి 7.7 కావడానికి ఆ గాలి ఒక్కటే చాలు. నీళ్లలో ఏ లోపమూ అక్కర్లేదు.

ఇంత చిన్న విషయం ఎంత పెద్ద కట్టడాన్నైనా ఇబ్బంది పెడుతుందనడానికి బయోస్ఫియర్ 2 సాక్ష్యం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఆరకిల్ అనే ఊరి దగ్గర, మూడెకరాలకు పైగా నేలను గాలి చొరబడని అద్దాల గోడలతో మూసేశారు. లోపల చిన్న అడవి, పొలం, వాటితో పాటు సుమారు 26 లక్షల లీటర్ల ఉప్పునీటిలో సజీవమైన పగడపు దిబ్బ. 1991 సెప్టెంబర్ 26న ఎనిమిది మంది లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. చలికాలంలో ఎండ తగ్గి మొక్కలు మందగించేసరికి లోపలి గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటికంటే ఎన్నో రెట్లు పెరిగింది. దాంతో ఆ సముద్రం పీహెచ్ పడిపోయింది. సోడియం బైకార్బొనేట్, సోడియం కార్బొనేట్ కలిపి దాన్ని నిలబెట్టుకోవాల్సి వచ్చింది. కిటికీ తెరిచే వీలు లేదు కాబట్టి వాళ్లకు అది తప్పలేదు. మనకు కిటికీలున్నాయి.

ఆ ప్రయోగం ముగిశాక అదే సముద్రంలో క్రిస్ లాంగ్డన్ బృందం పగడాల ఎదుగుదలను కొలిచింది. 2000లో అచ్చైన వారి ఫలితాల సారం ఇది: దిబ్బ ఎంత వేగంగా సున్నపురాయిని కట్టుకుంటుందన్నది నీటిలోని కాల్షియం, కార్బొనేట్ ఎంత సమృద్ధిగా ఉన్నాయన్న దాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. పీహెచ్ పడిపోయినప్పుడు కార్బొనేట్‌లో చాలా భాగం బైకార్బొనేట్‌గా మారిపోతుంది. పగడానికి కట్టడం కష్టమవుతుంది. కాబట్టి పీహెచ్ ముఖ్యం కాదని నేను అనను. కాకపోతే 8.3 అనే అంకె కోసం పరుగెత్తడం అనవసరం. ఆల్కలినిటీ 8, 9 మధ్య, కాల్షియం 420 పీపీఎం, మెగ్నీషియం 1300 దగ్గర కదలకుండా ఉన్న ట్యాంకులో పొద్దున 7.85 ఉన్నా పగడాలు చక్కగా పెరుగుతాయి.

అంకెను నమ్మే ముందు

మందు వేసే ముందు రోగం ఉందో లేదో తేల్చుకోవాలి. పీహెచ్ ప్రోబ్ ఏడాది, ఏడాదిన్నర పనిచేసి నెమ్మదిగా దారి తప్పుతుంది. చివర ఉన్న గాజు బుడ్డి మీద ఆల్గే పేరుకున్నా, సున్నపు పొర పట్టినా అబద్ధం చెబుతుంది. నెలకోసారి మెత్తని బ్రష్‌తో తుడిచి 7, 10 బఫర్ ద్రావణాల్లో కాలిబ్రేట్ చేయండి. సముద్రపు నీటికి 4, 7 ద్రావణాలు చాలవు, మనం కొలిచేది ఏడుకు పైనున్న విలువ కదా. తెరిచి నెలలైన బఫర్ సీసాను, ముఖ్యంగా పదో నంబరుది, నమ్మొద్దు. అది కూడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని దిగిపోతుంది. వాడనప్పుడు ప్రోబ్‌ను ఆర్‌ఓ నీళ్లలో నానబెట్టకండి, పాడవుతుంది. పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి.

ఇక ఏ వేళకు కొలిచారన్నది ఇంకా ముఖ్యం. పగలు లైటు కింద పగడాలలోని ఆల్గే కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకుంటుంది, పీహెచ్ ఎక్కుతుంది. రాత్రి అందరూ ఊపిరి వదిలేవాళ్లే, పీహెచ్ దిగుతుంది. లైట్లు ఆర్పే ముందు అత్యధికం, లైట్లు వెలిగే ముందు అత్యల్పం. ఈ రెండింటి మధ్య 0.2 నుంచి 0.4 తేడా ఉండటం ఆరోగ్యమైన ట్యాంకు లక్షణమే. ఒక రోజు పొద్దున, మరుసటి రోజు రాత్రి కొలిచి ‘పీహెచ్ పెరిగింది’ అని సంతోషపడితే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే. ఒక నోటు పుస్తకం పెట్టండి. వారం పాటు రెండు పూటలా అదే వేళకు పీహెచ్, రోజుకోసారి డీకేహెచ్, ఆ పూట కిటికీ తెరిచి ఉందా, ఏసీ నడిచిందా, ఇంట్లో ఎంతమంది ఉన్నారు అన్నవి రాయండి. చుట్టాలు దిగిన రోజున, పూజకు జనం వచ్చిన రోజున అంకె ఎలా కదిలిందో ఆ పుస్తకమే చూపిస్తుంది. ఈ వారం రోజులూ నీళ్లలో కొత్తగా ఏమీ కలపకుండా ఉండగలగడం ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం. అది చేతనైతే మిగతావన్నీ తేలికే.

రెండు పూటలా 8.0 దాటి ఉంటే వదిలేయండి. పొద్దున 7.8, రాత్రికి 8.1 అయితే కారణం వెతకండి కానీ హడావిడి వద్దు. రాత్రి లైట్లు ఆర్పేముందు కూడా 7.8 దాటకపోతే అప్పుడు పని మొదలుపెట్టాలి. 7.6 కంటే కింద కనిపిస్తే ముందు ప్రోబ్‌ను అనుమానించండి, అది సరిగానే ఉంటే ఆక్సిజన్ గురించి ఆలోచించండి. కరెంటు పోయి వేవ్ మేకర్లు ఆగిన రాత్రి పీహెచ్, ఆక్సిజన్ రెండూ కలిసి పడతాయి. చేపలను ముందు చంపేది రెండోదాని కొరత. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే పీహెచ్ సీసాల జోలికి పోకుండా బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టండి.

రెండు గ్లాసులు, ఒక ఎయిర్ పంపు

కారణం తేల్చే పరీక్షకు ఖర్చేమీ లేదు. ట్యాంకు నీళ్లు రెండు గ్లాసుల్లోకి తీసుకుని పీహెచ్ రాసుకోండి. ఒక గ్లాసును బాల్కనీలోకి తీసుకెళ్లి ఎయిర్ పంపుతో గంటసేపు బుడగలు పట్టించండి. రెండో గ్లాసుకు ట్యాంకు ఉన్న గదిలోనే, కిటికీలు మూసి, అదే పని చేయండి. తర్వాత రెండింటినీ కొలవండి.

బాల్కనీ గ్లాసు 7.8 నుంచి 8.2కి ఎక్కి, గదిలోది కదలకపోతే గదిలోని గాలే దోషి. రెండూ ఎక్కితే గది బాగానే ఉంది, ట్యాంకులో నీరు గాలితో తగినంత కలవడం లేదు. రెండూ ఎక్కకపోతే ఆల్కలినిటీ పడిపోయి ఉంటుంది, కొలవండి. ఇంత తేటగా జవాబు చెప్పే పరీక్ష ఈ హాబీలో మరొకటి లేదని నా అభిప్రాయం. అయినా కొత్తవాళ్లలో దీన్ని చేసి చూసేవాళ్లకంటే సీసా కొనేవాళ్లే ఎక్కువ.

ఆ సీసాల్లో సాధారణంగా ఉండేది కార్బొనేట్, బైకార్బొనేట్ లవణాలు. పోయగానే ఆల్కలినిటీ పెరుగుతుంది, దానితో పీహెచ్ కొంచెం ఎక్కుతుంది. గదిలో కార్బన్ డయాక్సైడ్ అలాగే ఉంది కాబట్టి కొన్ని గంటల్లో నీళ్లు దాన్ని మళ్లీ పీల్చుకుంటాయి, అంకె దాదాపు మొదటికొస్తుంది. మర్నాడు మరో మూత. పది రోజులకు పీహెచ్ ఉన్నచోటే ఉంటుంది, డీకేహెచ్ మాత్రం 13, 14 అవుతుంది. కాల్షియం సున్నమై హీటరు మీద, పంపుల్లో పేరుకుంటుంది. పోషకాలు తక్కువగా ఉన్న ట్యాంకులో అక్రోపోరా పగడాల కొనలు తెల్లగా కాలిపోతాయి. తక్కువ పీహెచ్ చేయని నష్టం ఆ మందు చేస్తుంది.

గాలి సంగతి

గదిలోని గాలే కారణమని తేలితే మొదటి వైద్యం కిటికీ. రోజుకు కాసేపైనా ఎదురెదురు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. వంట చేసేటప్పుడు బయటికి గాలిని తోసే ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరి. కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి కొనుక్కుంటే మీ ఊహలకు లెక్క దొరుకుతుంది. ఎన్‌డీఐఆర్ సెన్సారు ఉన్నదే తీసుకోండి, మరీ చౌకవి వేరే వాయువులను చూసి అంచనా కడతాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు చలికాలంలో కిటికీ తెరవడం కుదరదు, అక్కడి ఇళ్లను గాలి పోకుండా బిగించి కడతారు. వేడి పోకుండా గాలిని మార్చే ఈఆర్‌వీ యంత్రాలు వాళ్లకు మంచి దారి. ట్యాంకుకే కాదు, ఆ ఇంట్లో చదువుకునే పిల్లలకూ మంచిదే.

కిటికీ కుదరని చోట స్కిమ్మర్‌ను వాడుకోవచ్చు. స్కిమ్మర్ గంటకు వందల లీటర్ల గాలిని పీల్చి నీళ్లతో చిలుకుతుంది. దాని గాలి గొట్టానికి ఒక పొడవైన గొట్టం తగిలించి కిటికీ బయట పెడితే అదే స్కిమ్మర్ బయటి గాలిని పట్టిస్తుంది. గొట్టం సన్నగా ఉంటే గాలి అందక నురగ తగ్గిపోతుంది, కాబట్టి కొంచెం లావుది వాడండి. చివర సన్నని జాలీ కట్టండి, చీమలు దూరకుండా. మన ఊళ్లలో ఒక జాగ్రత్త మాత్రం మరువకూడదు. దోమల మందు ఫాగింగ్ బండి వచ్చిన సాయంత్రం ఆ గొట్టాన్ని వెంటనే లోపలికి లాగేయండి. ఆ మందుల్లో వాడే పైరెత్రాయిడ్లు రొయ్యలకు, పీతలకు విషం. దీపావళి రాత్రి కూడా అంతే.

ఫ్లాటులో గోడకు కన్నం పెట్టలేని వారికి సీఓటూ స్క్రబ్బర్ ఉంది. ఒక డబ్బాలో సోడా లైమ్ గుళికలు పోసి, స్కిమ్మర్ పీల్చే గాలిని వాటి మీదుగా పంపడమే. ఆపరేషన్ థియేటర్లలో మత్తు యంత్రానికి అమర్చే పదార్థం ఇదే. తెల్లని గుళికలు పని అయిపోయాక ఊదా రంగుకు తిరుగుతాయి. ఏసీ గదిలో కార్బన్ డయాక్సైడ్ మరీ ఎక్కువైతే డబ్బా చూస్తుండగానే అయిపోతుంది. స్కిమ్మర్ కప్పు నుంచి వచ్చే గాలినే తిరిగి డబ్బాలోకి పంపిస్తే గుళికలు చాలా ఎక్కువ కాలం వస్తాయి. ఆ గుళికలు క్షారం, చేతితో తాకకండి.

ట్యాంకు కింది సంపులో చోటుంటే కీటోమార్ఫా అనే ఆకుపచ్చ నాచును పెంచి, దాని లైటును ట్యాంకు లైట్లు ఆరిన తర్వాత వెలిగించండి. రాత్రి అందరూ వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను అది తింటుంది, పొద్దుటి పతనం తగ్గుతుంది. నైట్రేటు కూడా తగ్గుతుంది. దానికీ ఆల్కలినిటీతో సంబంధముంది: వ్యర్థాలు కుళ్లి నైట్రేటు 50 పీపీఎం పేరుకునేసరికి సుమారు 2.3 డీకేహెచ్ ఖర్చైపోయి ఉంటుంది.

రెండు గ్లాసులూ ఎక్కినవారికి ఇంత పని లేదు. వేవ్ మేకరును కొంచెం పైకి తిప్పి నీటి పైభాగం అలలాడేలా చూడండి. వంటింటి నూనె పొర నీటి మీద పడకుండా ఓవర్‌ఫ్లో దువ్వెనను శుభ్రం చేయండి. బోరు నీళ్లతో ఆర్‌ఓ చేసుకునేవారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఆర్‌ఓ పొర ఉప్పులను ఆపుతుంది గానీ కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆపదు. ఆ నీళ్లకు, కొత్తగా కలిపిన ఉప్పునీటికి ఒక రోజు గాలి పట్టించి వాడండి.

సున్నపు తేట

నీళ్లలో కలపాల్సిందే అనుకుంటే నా ఓటు సున్నపు తేటకు. ఆక్వేరియం వాళ్లు కాల్క్ అంటారు. ఇది కాల్షియాన్ని, ఆల్కలినిటీని పగడాలు వాడుకునే పాళ్లలోనే ఇస్తుంది. పైగా నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని బైకార్బొనేట్‌గా మారుస్తుంది. గోడకు వేసిన వెల్ల గాలి తగిలి రాయిలా గట్టిపడటం వెనక ఉన్నదీ ఇదే గుణం. బయోస్ఫియర్ 2లో కొత్త కాంక్రీటు కూడా ఇలాగే లోపలి కార్బన్ డయాక్సైడ్‌ను మింగిందని తర్వాత తేలింది. కాల్షియం హైడ్రాక్సైడ్ ఆహార శ్రేణిది లేదా ల్యాబ్ శ్రేణిది కొనండి. వెల్ల వేసే సున్నంలో, పాన్ సున్నంలో ఏం కలిసి ఉంటుందో చెప్పలేం.

లీటరు ఆర్‌ఓ నీటికి గ్రామున్నర కలిపి, మూత పెట్టి, తేరుకున్నాక పైనున్న తేటను మాత్రమే వాడాలి. ఆవిరైన నీటికి బదులుగా దీన్ని చుక్కలు చుక్కలుగా, వీలైతే రాత్రిపూట, నీరు బాగా పారే చోట వదలాలి. లెక్క చూడండి. 200 లీటర్ల ట్యాంకులో రోజుకు 2 లీటర్లు ఆవిరై, ఆ 2 లీటర్లూ పూర్తి బలమున్న తేటతో నింపితే రోజుకు సుమారు 1.1 డీకేహెచ్, 8 పీపీఎం కాల్షియం చేరతాయి. మీ పగడాలు అంత వాడుకోకపోతే ఆల్కలినిటీ రోజురోజుకూ ఎక్కుతూ పోతుంది. అందుకే పావు బలంతో మొదలుపెట్టి, వారం పాటు డీకేహెచ్ కొలుస్తూ పెంచుకోండి. తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఆవిరైన నీటిని తనంతట తానే నింపే ఏటీఓ స్విచ్చి ఇరుక్కుపోయి డబ్బా మొత్తం ఒక్కసారిగా ట్యాంకులో పడితే నీళ్లు పాలలా తెల్లబడతాయి, జీవులు చనిపోతాయి. టైమరు, రెండో ఫ్లోట్ స్విచ్చి లేకుండా దీన్ని మొదలుపెట్టొద్దు. డబ్బా మీద పేరు రాసి పిల్లలకు అందని చోట పెట్టండి.

ఆల్కలినిటీ నిజంగానే తక్కువైతే సోడా చాలు, కానీ ఏ సోడా అన్నది చూసుకోవాలి. వంట సోడా ఆల్కలినిటీని పెంచుతుంది, పీహెచ్‌ను మాత్రం ఆ పూటకు కాస్త తగ్గిస్తుంది. అదే వంట సోడాను ఓవెన్‌లో 150 నుంచి 200 డిగ్రీల మధ్య గంటసేపు కాల్చితే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి సోడియం కార్బొనేట్ అవుతుంది. ఇది రెండింటినీ పెంచుతుంది. 100 లీటర్లలో ఒక డీకేహెచ్ పెంచడానికి వంట సోడా 3 గ్రాములు, సోడియం కార్బొనేట్ 1.9 గ్రాములు పడుతుంది. రోజుకు ఒక డీకేహెచ్ మించి పెంచొద్దు. వంట సోడాకూ బేకింగ్ పౌడరుకూ తేడా మరవకండి. బట్టల సోడా ప్యాకెట్లలో వేరే పదార్థాలుంటాయి, వాటి జోలికి వెళ్లొద్దు. కాల్షియం రియాక్టర్ వాడేవారైతే ముందు దాన్నే చూడాలి. పగడపు ముక్కలను కరిగించడానికి దాని లోపలి పీహెచ్‌ను 6.5 దరిదాపుల్లో ఉంచుతాం. దాంట్లోంచి వచ్చే నీరు మిగులు కార్బన్ డయాక్సైడ్‌ను ట్యాంకులోకి మోసుకొస్తుంది.

ఒక్కటి అడుగుతాను. మన సముద్రాల్లోని రీఫ్ కట్టే గట్టి పగడాలను, నల్ల పగడాలను, సీ ఫ్యాన్లను 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చి కాపాడుతున్నారు. మన్నారు సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో తెచ్చామని ఎవరైనా చవకగా ఇస్తామంటే తీసుకోకండి. కాగితాలున్న, ట్యాంకులో పెంచిన పగడపు ముక్కలే (ఫ్రాగ్‌లే) కొనండి. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గర ఉన్న సముద్రపు ఉపరితల పీహెచ్ ఇప్పుడు 8.1కి దిగింది. అక్కడి పగడాలకు తెరుచుకునే కిటికీ లేదు.

మీ ట్యాంకు విషయానికొస్తే, వైద్యం మొదలుపెట్టాక ఒకసారికి ఒక్క మార్పే చేసి, నోటు పుస్తకంలో వారం చూసి, అప్పుడు రెండోది చేయండి. పొద్దున 7.9, రాత్రి 8.2, డీకేహెచ్ కదలకుండా ఉండి, పగడాల అంచుల్లో కొత్త ఎదుగుదల తెల్లగా కనిపిస్తుంటే ఆ నీళ్లలో ఇంకేమీ పోయకండి.